పౌనుకు ఎన్ని రూపాయలు? – గరివిడి నల్లరాయి చెప్పే లెక్క

విజయనగరం నుంచి శ్రీకాకుళం వైపు రైలులో వెళితే నెల్లిమర్ల దాటిన తరువాత గరివిడి స్టేషను వస్తుంది. ఆ చుట్టుపక్కల నేలలో దొరికే నల్లటి, బరువైన రాయిని మీలో కొందరు చూసే ఉంటారు. గట్టిగా పట్టుకుంటే వేళ్ళకు మసి అంటుతుంది. అదే మాంగనీసు ముడిఖనిజం.

ఈ రాయికి ధర ఎంత అని అడిగితే సమాధానం చెప్పడం తేలిక కాదు. గనిలో గునపం పట్టిన కూలీకి ఒకప్పుడు జీతం అణాల్లో ముట్టేది. రాయిని కొనేవాడు మాత్రం సముద్రం ఆవలి ఇంగ్లండులో ఉండేవాడు. అతడు డబ్బు పెన్నీల్లో చెల్లించేవాడు. పెన్నీలు అణాలుగా మారాలంటే మధ్యలో ఒక లెక్క ఉండాలి. ఒక పౌనుకు ఎన్ని రూపాయలు? ఈ లెక్కనే మారకపు రేటు అంటారు.

ఈ రేటు ఎన్నడూ ఒక్కచోట నిలవలేదు. అది కదిలినప్పుడల్లా ఎవరో లాభపడ్డారు, ఎవరో నష్టపోయారు. రాయి అదే, దాన్ని తవ్విన శ్రమ అదే. చేతికి వచ్చిన రూపాయలు మాత్రం మారాయి. ఎందుకు మారాయో ఈ పాఠంలో తెలుసుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. భాగహారం వస్తే చాలు.

నల్లరాయికి అంత గిరాకీ ఎందుకు?

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండు, జర్మనీ, అమెరికా దేశాలు ఉక్కును పెద్దఎత్తున తయారుచేయసాగాయి. కరిగిన ఇనుములో మిగిలిపోయే ప్రాణవాయువు, గంధకం ఉక్కును పెళుసు చేస్తాయి. అందులో కొద్దిగా మాంగనీసు వేస్తే అది ఈ రెంటినీ పట్టుకుని చిట్టెంలోకి లాగేస్తుంది. అలా వచ్చిన ఉక్కు సుత్తి దెబ్బకు పగలదు. 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు లోహశాస్త్రవేత్త ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఉక్కులో సుమారు 12 శాతం మాంగనీసు కలిపితే దెబ్బలు తగిలేకొద్దీ గట్టిపడే లోహం వస్తుందని చూపించాడు. రైలు పట్టాలు ఒకదాన్ని ఒకటి దాటే చోట ఈ ఉక్కే వాడతారు.

అందుచేత ఉక్కు కర్మాగారాలకు మాంగనీసు కావలసి వచ్చింది. భారతదేశంలో ఈ ఖనిజాన్ని మొట్టమొదట వ్యాపారానికి తవ్వింది మన విజయనగరం ప్రాంతంలోనే. 1892లో తీసిన ఖనిజం 674 టన్నులు. 1900 నాటికి దేశపు ఉత్పత్తి 92,008 టన్నులకు పెరిగింది. గరివిడికి చేరువలోని కోడూరు, కాస్త దూరంలోని గర్భాం గనులు ఆ కాలంలోనే పేరు పొందాయి. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఇక్కడి శిలలను పరిశీలించి, ఒక రకం రాతికి కోడూరు పేరుమీద 'కోడూరైట్' అని పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ శిలాశాస్త్రం చదివినవారికైనా ఆ పేరు కనిపిస్తుంది.

ఖనిజాన్ని ఓడలకెక్కించి పంపేవారు. ఇంగ్లండు రేవుల్లో దాని ధరను టన్నుకు ఇంత అని కాక, టన్నులోని ఒక్కొక్క శాతం మాంగనీసుకు ఇన్ని పెన్నీలు అని కట్టేవారు. మన ప్రాంతపు ఖనిజంలో ఇనుము, భాస్వరం పాళ్ళు ఎక్కువ. మాంగనీసు పాలు మధ్యపరగణాల ఖనిజంలో కంటె తక్కువ. అంటే ధర తక్కువ, మిగులు పలుచన. మిగులు పలుచనగా ఉన్న వ్యాపారానికి మారకపు రేటులో చిన్న కదలిక కూడా పెద్ద దెబ్బో, పెద్ద వరమో అవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

రూపాయి అంటే వెండి తూకం

ఈనాటి రూపాయి నాణెం విలువ దానిమీద ముద్రించిన అంకెలో ఉంది. ఆనాటి రూపాయి విలువ దానిలోని వెండిలో ఉండేది.

అంతకు ముందు మన వైపు బంగారు వరహాలు, వెండి రూపాయలు, రాగి డబ్బులు కలిసి చెలామణీ అయ్యేవి. ఒకదాన్ని ఇంకొకదానిగా మార్చుకోవాలంటే షరాబు దగ్గరకు వెళ్ళాలి. ఆయన నాణెం అరుగుదల చూసి, వట్టం తీసుకుని, మిగతాది చేతిలో పెట్టేవాడు. 1818లో మద్రాసు రాజధానిలో లెక్కలన్నీ వరహాల నుంచి రూపాయలకు మార్చారు. నూరు వరహాలకు 350 రూపాయలని రేటు కట్టారు. ఒక ఊరి బజారులోనే రెండు నాణేల మధ్య మారకం ఉంటే, రెండు దేశాల మధ్య ఉండడంలో వింత లేదు గదా!

1835లో కుంపిణీ ప్రభుత్వం దేశమంతటికీ ఒకే రూపాయిని నిర్ణయించింది. దాని తూకం 180 గ్రెయిన్లు, అంటే సరిగ్గా ఒక తులం. అందులో 165 గ్రెయిన్లు శుద్ధమైన వెండి. ఎవరైనా సరే వెండి తీసుకువెళ్ళి టంకశాలలో ఇస్తే, కొద్ది ఖర్చు పట్టుకుని రూపాయలు కొట్టి ఇచ్చేవారు. కాబట్టి రూపాయి ఖరీదు, అందులోని వెండి ఖరీదు ఇంచుమించు ఒకటే.

ఇంగ్లండు సంగతి వేరు. అక్కడి పౌను బంగారంతో ముడిపడింది. ఒక పౌను విలువ గల బంగారు నాణెం పేరు సవర్ను. తూకం దాదాపు 8 గ్రాములు. మన బంగారు కొట్లలో ఈనాటికీ 8 గ్రాములను 'కాసు' అంటారు కదా, ఆ తూకం ఇదే. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే పౌనుకు 240 పెన్నీలు. ఈ 240 మనకు ముందు ముందు పదేపదే కావాలి.

కనుక రూపాయికీ పౌనుకూ మధ్య రేటు అంటే, అసలు వెండికీ బంగారానికీ మధ్య రేటు అన్న మాట.

వెండి పడిపోయింది

లండన్ బజారులో ఒక ఔన్సు వెండిని అమ్మేటప్పుడు అందులో శుద్ధమైన వెండి 444 గ్రెయిన్లు ఉండేది. 1870 ప్రాంతంలో దాని ధర 60 పెన్నీలకు కాస్త పైన. రూపాయిలో 165 గ్రెయిన్లు ఉంది. మరి రూపాయి ఎన్ని పెన్నీలు చేయాలి?

165 × 60 ÷ 444 = 22.3 పెన్నీలు.

నిజంగా 1871-72లో రూపాయి సగటున సుమారు 23 పెన్నీలు పలికింది. లెక్క దగ్గరగానే వచ్చింది, చూశారా!

ఆ తరువాత రెండు మార్పులు కలిసి వచ్చాయి. అమెరికాలో నెవాడా ప్రాంతంలో గొప్ప వెండి గనులు బయటపడ్డాయి. అదే కాలంలో, 1871-73లో, జర్మనీ వెండి నాణేలను మానివేసి బంగారానికి మారింది. తన దగ్గరున్న పాత వెండిని బజారులో పెట్టింది. ఇతర దేశాలు కూడా ఆ దారినే నడిచాయి. అమ్మేవారు పెరిగారు, కొనేవారు తగ్గారు. ధర ఏమవుతుంది? సంతలో వంకాయల బండ్లు ఎక్కువ దిగిన రోజున ఏమవుతుందో అదే.

1892లో ఔన్సు వెండి సుమారు 40 పెన్నీలకు దిగింది. ఇప్పుడు రూపాయి విలువ కట్టండి.

165 × 40 ÷ 444 = 14.9 పెన్నీలు.

1892-93లో రూపాయి సగటు రేటు సరిగ్గా ఇంచుమించు 15 పెన్నీలే. ఇరవై ఏళ్ళలో రూపాయి మూడో వంతు విలువ పోగొట్టుకుంది. మన దేశంలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. ఎక్కడో నెవాడాలో, బెర్లినులో జరిగినవి ఇక్కడి రూపాయిని కిందికి లాగాయి.

ఎవరికి లాభం? ఎవరికి నష్టం?

లెక్క తేలికగా ఉండడానికి, ఒక టన్ను ఖనిజానికి లండన్ కొనుగోలుదారు ఎప్పుడూ ఒక పౌనే ఇస్తాడని అనుకుందాం. నిజపు ధర మారుతూ ఉండేది; కాని మనకిప్పుడు కావలసింది రేటు చేసే పని ఒక్కటే.

రూపాయి 23 పెన్నీలుగా ఉన్నప్పుడు పౌనుకు 240 ÷ 23, అంటే సుమారు 10 రూపాయల 7 అణాలు. రూపాయి 15 పెన్నీలుగా ఉన్నప్పుడు పౌనుకు 240 ÷ 15, అంటే 16 రూపాయలు. రాయి అమ్మేవాడికి అదే టన్నుమీద అయిదున్నర రూపాయలు అదనంగా వచ్చాయి! కూలి, బండి బాడుగ రూపాయల్లోనే కనుక అవి వెంటనే పెరగవు. విజయనగరం ప్రాంతంలో గనులు తెరుచుకున్న సంవత్సరం 1892 అని చెప్పుకున్నాం కదా. రూపాయి చవకగా ఉన్న ఆ రోజుల్లో, పలుచని మిగులుతో నడిచే ఖనిజం కూడా ఓడ ఎక్కగలిగేది. రేటు ఒక్కటే కారణం కాదు. ఉక్కు గిరాకీ ఉంది. 1890ల్లో తూర్పుతీరపు రైలుమార్గం పడింది. కాని రేటు ఎగుమతిదారు పక్షానే నిలిచింది.

ఇప్పుడు త్రాసు రెండో తట్ట చూడండి. భారత ప్రభుత్వం ఏటా లండన్‌లో పౌనుల్లో చెల్లించవలసిన బాకీలు ఉండేవి. రైల్వేలకు తెచ్చిన అప్పుల మీద వడ్డీలు, రిటైరయిన దొరల పింఛన్లు, లండన్ కార్యాలయపు ఖర్చులు వగైరా. 1890ల ఆరంభంలో ఇవి సుమారు ఒక కోటి అరవై లక్షల పౌనులు. రూపాయి 23 పెన్నీలయితే దీనికి దాదాపు 16 కోట్ల 70 లక్షల రూపాయలు చాలు. 15 పెన్నీలయితే 25 కోట్ల 60 లక్షలు కావాలి. బాకీ ఒక్క పౌను కూడా పెరగలేదు. చెల్లించవలసిన రూపాయలు మాత్రం తొమ్మిది కోట్లు పెరిగాయి. ఈ రూపాయలు ఎవరివి? భూమిశిస్తు కట్టిన రైతువి, ఉప్పు పన్ను కట్టిన కూలీవి. మాంచెస్టరు బట్ట కొనేవాడికి కూడా ధర పెరిగింది.

అంటే గరివిడి గనిలో పనిచేసే మనిషికి ఒక చేతికి పని దొరికింది. రెండో చేతిలోంచి ఉప్పు మీద పన్ను జారిపోయింది. 'రూపాయి పడిపోవడం మంచిదా, చెడ్డదా?' అని ఎవరైనా అడిగితే, 'ఎవరికి?' అని మీరు ఎదురు ప్రశ్న వేయాలి.

టంకశాల తలుపులు మూశారు

1893 జూన్ 26న ప్రభుత్వం ఒక పెద్ద నిర్ణయం తీసుకుంది. ఇకమీదట ప్రజలు తెచ్చిన వెండిని టంకశాలలు రూపాయలుగా కొట్టి ఇవ్వవు. రూపాయల సంఖ్య పెరగనివ్వకపోతే రూపాయి విలువ పెరుగుతుందని ప్రభుత్వం ఆలోచన. వెంటనే ఫలితం రాలేదు. 1894-95లో రూపాయి సుమారు 13 పెన్నీల దాకా దిగజారింది. పౌనుకు 18 రూపాయల పైచిలుకు. తరువాత నెమ్మదిగా లేచింది. 1899లో ఒక సవర్నుకు 15 రూపాయలని, అంటే రూపాయికి 1 షిల్లింగు 4 పెన్నీలని చట్టం చేశారు.

దీనివల్ల ఇంకొక మార్పు వచ్చింది. ఆ రోజుల్లో పల్లెల్లో ఆడవారి కడియాలు, మురుగులు, పట్టెడలే ఇంటి బ్యాంకు. కరువొస్తే వాటిని తీసి అమ్మేవారు. 1893కు ముందు తులం వెండి దాదాపు ఒక రూపాయి. ఆ తరువాత రూపాయి విలువ లేచింది, వెండి ధర పడుతూనే ఉంది. ఒంటిమీది కడియం బరువు తగ్గలేదు, దానికి వచ్చే రూపాయలు తగ్గాయి. ఆనాటి నుంచి రూపాయి వెండి తూకం కాదు, ప్రభుత్వం ఇచ్చిన మాట. నాణెం నుంచి నోటు దాకా జరిగిన ప్రయాణంలో ఇది మొదటి మెట్టు.

రెండు పెన్నీల తగాదా

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ధర ఒక్కసారిగా లేచింది. 1919 చివరికి రూపాయి 2 షిల్లింగుల 4 పెన్నీలకు చేరింది. అంటే 28 పెన్నీలు. పౌనుకు ఎనిమిదిన్నర రూపాయలే. 1921 నాటికి మళ్ళీ 1 షిల్లింగు 4 పెన్నీలకు దిగువకు జారింది. ఈ ఊగిసలాటలో విదేశీ వ్యాపారులు చాలామంది చితికిపోయారు. ఎక్కువ రూపాయలు వస్తాయని లెక్కవేసుకుని ఒప్పందం చేసుకున్నవాడు, సరుకు చేరేసరికి రేటు మారి నష్టపోయేవాడు.

రేటును ఎక్కడ నిలపాలి? 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయికి 1 షిల్లింగు 6 పెన్నీలని సిఫారసు చేసింది. కమిషన్ సభ్యుడు పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ ఒప్పుకోలేదు. 1 షిల్లింగు 4 పెన్నీలే ఉండాలన్నాడు. దేశమంతటా వాదోపవాదాలు చెలరేగాయి. చివరకు 1927 చట్టంలో 6 పెన్నీల పక్షమే గెలిచింది.

రెండు పెన్నీలకోసం ఇంత తగాదానా అనకండి. లెక్క చూడండి.

16 పెన్నీల రేటులో: 240 ÷ 16 = 15 రూపాయలు.
18 పెన్నీల రేటులో: 240 ÷ 18 = 13⅓ రూపాయలు, అంటే 13 రూపాయల 5 అణాల 4 పైసలు.

ప్రతి పౌను సరుకుమీద ఎగుమతిదారుకు ఒక రూపాయి పది అణాల ఎనిమిది పైసలు తక్కువ. (ఆనాటి అణాకు 12 పైసలు.) నూటికి పదకొండు చొప్పున కోత అన్న మాట. పత్తి పండించే రైతుకైనా, మాంగనీసు తవ్వే గనికైనా ఇదే వర్తిస్తుంది. దిగుమతి చేసుకునేవారికి, లండన్ బాకీలు తీర్చే ప్రభుత్వానికి అదే వెసులుబాటు. కొద్దికాలానికే, 1929లో ప్రపంచ ఆర్థిక మాంద్యం వచ్చింది. ఉక్కుకు గిరాకీ పోయి, 1930ల ఆరంభంలో దేశంలోని మాంగనీసు గనులు అనేకం మూతపడ్డాయి. దానికి అసలు కారణం మాంద్యమే. కాని పలుచని మిగులులోంచి నూటికి పదకొండు ముందే పోయిన గనికి ఓర్చుకునే బలం ఎక్కడుంటుంది?

ఈ రూపాయి చరిత్రను లోతుగా చదివిన మన దేశీయుల్లో డాక్టర్ అంబేద్కర్ ఒకరు. 1923లో ఆయన ప్రచురించిన గ్రంథం పూర్తిగా రూపాయి సమస్యమీదే.

మారకం లేని పరదేశం

మన ఉత్తరకోస్తా నుంచి వేలాది మంది పొట్టచేత పట్టుకుని రంగూన్ వెళ్ళేవారు. అక్కడ మిల్లుల్లో, రేవులో పనిచేసి ఇంటికి డబ్బు పంపేవారు. అప్పుడు బర్మాలో కూడా మన రూపాయే చెలామణీ. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం. రంగూన్‌లో సంపాదించిన రూపాయి చీపురుపల్లిలోనూ రూపాయే. మారకపు రేటు లేదు, వట్టం లేదు.

1942లో జపాను సైన్యం బర్మాను ఆక్రమించి తన సొంత నోట్లు ముద్రించింది. వాటిమీద కూడా 'రూపాయి' అనే ఉంది. 1945లో యుద్ధం ముగిసి బ్రిటిషువారు తిరిగి రాగానే ఆ నోట్లు చెల్లవన్నారు. పేరు ఒకటే, అంకె ఒకటే. కాని ఆ మాట ఇచ్చిన ప్రభుత్వమే లేదు. అటువంటి నోట్లు మూటకట్టి దాచుకున్నవారికి మిగిలింది చిత్తుకాగితం. 1952లో స్వతంత్ర బర్మా 'చాట్' అనే తన సొంత డబ్బును తెచ్చింది. ఆనాటి నుంచి రెండు దేశాల మధ్య మారకం తప్పనిసరయింది.

1947లో డాలరు, రూపాయి సమానమా?

ఈ మాట మీరు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. 1947లో ఒక డాలరుకు ఒక రూపాయి ఉండేదని చాలామంది నమ్ముతారు. నిజమా? మనమే తేల్చుకుందాం.

అప్పుడు రూపాయి పౌనుతో ముడిపడి ఉంది: ఒక పౌను = 13⅓ రూపాయలు. పౌను డాలరుతో ముడిపడి ఉంది: ఒక పౌను = 4.03 డాలర్లు. ఈ రెండూ ఒకే పౌను కనుక 4.03 డాలర్లు = 13.33 రూపాయలు. అంటే,

13.33 ÷ 4.03 = 3.31 రూపాయలు.

డాలరుకు మూడు రూపాయల అయిదు అణాలు. ఒక్క రూపాయి కానే కాదు! తెలియని రేటును తెలిసిన రెండు రేట్ల నుంచి ఇలా రాబట్టవచ్చు. వాదన కంటె భాగహారం మేలు.

1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌను విలువను 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు తగ్గించింది. మన రూపాయి పౌనును అంటిపెట్టుకుని తానూ తగ్గింది. పౌనుకు 13⅓ రూపాయలు అలాగే ఉన్నాయి. కాని డాలరు 13.33 ÷ 2.80, అంటే 4.76 రూపాయలయింది.

1966: శాతాల తికమక

1950ల్లో గరివిడి పక్కనే శ్రీరామ్‌నగర్‌లో ఫెర్రో మాంగనీసు కర్మాగారం వెలిసింది. ఖనిజాన్ని విద్యుత్ కొలిమిలో కరిగించి మిశ్రలోహంగా మార్చడం దీని పని. రాయిని రాయిగా అమ్మడం కంటె లోహంగా అమ్మితే ఎక్కువ విలువ వస్తుంది గదా. దేశానికి విదేశీ మారకద్రవ్యం అంతగా అవసరమయిన రోజులవి. యంత్రాలు, పెట్రోలు, గోధుమలు డాలర్లతో కొనాలి. 1962, 1965 యుద్ధాలు, 1965-66 కరువు డాలర్ల నిల్వను కరిగించివేశాయి.

1966 జూన్ 6న ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించింది. డాలరు 4.76 రూపాయల నుంచి 7.50 రూపాయలకు, పౌను 13⅓ నుంచి 21 రూపాయలకు ఎగబాకాయి. పత్రికల్లో కొందరు '36.5 శాతం' అని, కొందరు '57.5 శాతం' అని రాశారు. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. డాలరు వైపు నుంచి చూస్తే అది 2.74 రూపాయలు పెరిగింది: 2.74 ÷ 4.76 అంటే సుమారు 57.5 శాతం. రూపాయి వైపు నుంచి చూస్తే, అంతకు ముందు 7.50 రూపాయలకు ఎన్ని డాలర్లు వచ్చేవో అందులో ఇప్పుడు 4.76 ÷ 7.50, అంటే 63.5 శాతమే వస్తున్నాయి. తగ్గింది 36.5 శాతం. మెట్టు ఒకటే, పైనుంచి కొలవడం వేరు, కిందనుంచి కొలవడం వేరు. శాతం కనపడగానే 'దేనిలో శాతం?' అని అడగడం అలవాటు చేసుకోండి.

ఎగుమతిదారులకు వచ్చిన లాభమంతా వారికే దక్కలేదు. అదే రోజుల్లో తేయాకు, జనపనార వంటి సరుకుల మీద ప్రభుత్వం ఎగుమతి సుంకం వేసి కొంత వెనక్కి తీసుకుంది.

తాళ్ళు తెగిన తరువాత

1971 ఆగస్టు 15న అమెరికా డాలరుకు బంగారంతో ఉన్న ముడిని విప్పేసింది. క్రమంగా పెద్ద దేశాల డబ్బులన్నీ ఒకదానిమీద ఒకటి తేలుతూ మునుగుతూ ఉండే స్థితికి వచ్చాయి. 1975 సెప్టెంబరులో మన రూపాయి పౌనును విడిచి, అనేక దేశాల డబ్బుల సగటుతో ముడి వేసుకుంది. ఒకే గుంజకు కట్టిన పడవ కంటె నాలుగు గుంజలకు కట్టిన పడవ తక్కువ ఊగుతుందని దాని భావం.

1991లో దేశం దగ్గర విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే మిగిలింది. రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు కోసం విదేశానికి పంపవలసి వచ్చింది. పి. వి. నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా ఉన్న జూలై 1, 3 తేదీల్లో రూపాయి విలువను రెండు దఫాలుగా తగ్గించారు. డాలరు సుమారు 21 రూపాయల నుంచి 26 రూపాయలకు చేరింది. 1993 మార్చి నుంచి రేటును ప్రధానంగా బజారే నిర్ణయిస్తోంది. డాలర్లు అమ్మేవారు, కొనేవారు ఒక ధరకు వస్తారు. ఒడిదుడుకులు మితిమీరినప్పుడు రిజర్వు బ్యాంకు కలుగజేసుకుంటుంది. 2013 జూన్‌లో డాలరు 60 రూపాయలు దాటింది, 2022 జూలైలో 80 దాటింది, 2024 డిసెంబరులో 85 దాటింది.

గరివిడి రాయి కథ ఇప్పుడు ఒక కొత్త మలుపు తిరిగింది. ఒకప్పుడు ఖనిజాన్ని ఓడలకెత్తిన భారతదేశం, ఈనాడు తన కర్మాగారాలకు మేలురకం మాంగనీసు ఖనిజాన్ని దక్షిణాఫ్రికా, గాబన్ వంటి దేశాల నుంచి కొంటోంది. దాన్ని లోహంగా మార్చి విదేశాలకు అమ్ముతోంది. అంటే ఒకే వ్యాపారంలో కొనడమూ డాలర్లలోనే, అమ్మడమూ డాలర్లలోనే. రూపాయి పడితే ఖనిజం ఖరీదవుతుంది, లోహానికి ఎక్కువ రూపాయలు వస్తాయి. 1892లో త్రాసు రెండు తట్టల్లో ఇద్దరు వేర్వేరు మనుషులు ఉన్నారు. ఇప్పుడు ఒకే మనిషి రెండు తట్టల్లోనూ ఒక్కొక్క కాలు పెట్టి నిలుచున్నాడు.

ఒక పౌనుకు రూపాయలు – ఒక్కచూపులో

1871-72: సుమారు 10 రూపాయల 7 అణాలు
1892-93: సుమారు 16 రూపాయలు
1894-95: 18 రూపాయల పైచిలుకు
1899: 15 రూపాయలు
1919 చివర: సుమారు 8 రూపాయల 9 అణాలు
1927: 13 రూపాయల 5 అణాల 4 పైసలు
1966 జూన్: 21 రూపాయలు

మీరే లెక్క కట్టండి

1. ఒక వ్యాపారి 300 పౌనుల సరుకు అమ్మాడు. రూపాయికి 1 షిల్లింగు 4 పెన్నీలయితే అతనికి ఎన్ని రూపాయలు వస్తాయి? 1 షిల్లింగు 6 పెన్నీలయితే ఎన్ని?

2. 1967 నవంబరులో బ్రిటన్ పౌను విలువను 2.40 డాలర్లకు తగ్గించింది. రూపాయి ఈసారి దాని వెంట వెళ్ళలేదు, డాలరుకు 7.50 రూపాయలే ఉన్నాయి. అప్పుడు పౌనుకు ఎన్ని రూపాయలు?

3. 1949లో డాలరు 3.31 నుంచి 4.76 రూపాయలకు పెరిగింది. డాలరు ఎంత శాతం పెరిగింది? రూపాయి ఎంత శాతం తగ్గింది?

4. మీ ఇంట్లో వాడే వస్తువుల్లో పదింటిని ఎంచుకోండి. డాలరు ధర పెరిగితే వాటిలో ఏవేవి ఖరీదవుతాయి? సరుకు మన ఊళ్ళోనే తయారయినా, దాన్ని తెచ్చిన లారీ దేనితో నడిచిందో మరచిపోకండి.

జవాబులు: (1) 4,500 రూపాయలు, 4,000 రూపాయలు. (2) 18 రూపాయలు. (3) డాలరు సుమారు 44 శాతం పెరిగింది; రూపాయి సుమారు 30.5 శాతం తగ్గింది. (4) మీ జాబితాను మీ తరగతిలోని ఇంకొకరి జాబితాతో పోల్చి చూడండి.